బుల్లియ్య వంచిన తుమ్మలు

తాళ్ళరేవు దాటి గౌతమి పాయ వైపు దిగితే పంటకాలవ కట్టమీద అరమైలు మేర నల్లతుమ్మలు వరసగా ఉండేవి. అందులో ఓ పద్ధెనిమిది చెట్లని కొత్తగా చూసినవాళ్ళు ఆగి నవ్వాల్సిందే. ఒక్కటంటే ఒక్కటి నిటారుగా నిలబడిన పాపాన పోలేదు. ఒకటి మోకాలెత్తు దాకా తిన్నగా వచ్చి, కాలవ మీదకి ఒరిగి, ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చినట్టు మళ్ళీ పైకి లేచేది. ఇంకోటి మొదట్లోనే పక్కకి తిరిగి కొడవలిలా వంగిపోయేది. "మనుషులు చాలక చెట్లకి కూడా గూని తెప్పిస్తున్నాడే బుల్లియ్య" అని చేపల బుట్టలతో ఆ దారిన పోయే ఆడవాళ్ళు వేళాకోళం ఆడేవారు. బుల్లియ్యకి కోపం వచ్చేది కాదు. తలపాగా సర్దుకుని తన పని తను చేసుకునేవాడు. నవ్వేవాళ్ళకి ఏం తెలుసు, ఆ వంపుల్లో ప్రతిదానికీ ఓ కొలత ఉందని.

బుల్లియ్యకి డెబ్భై రెండేళ్ళు. పడవలు కట్టే వడ్రంగి. తండ్రీ తాతా కూడా అదే పని చేసి, కట్ట పక్కనున్న అదే పాలెంలో పోయారు. పడవంటే పలకలే అనుకుంటారు చూసేవాళ్ళు. పలకలదేముంది, కొండల్లోంచి టేకు వచ్చినంత కాలం టేకు వేశారు, అది రాని రోజుల్లో పాత లాంచీలు విప్పి ఆ పలకలే వేశారు. అసలు ప్రాణం లోపలుండే వంపు కర్రలది. మనిషికి పక్కటెముకలు ఎలాగో పడవకి అవి అలాగ. వాటికి నిలువు మానుని తెచ్చి వంపుగా కోస్తే కుదరదు. కోతలో నార తెగిపోతుంది, కెరటం గట్టిగా తగిలితే తెగిన చోటే పటుక్కుమంటుంది. చెట్టే వంగి పెరగాలి. నార కూడా దాంతోపాటు వంగి పెరగాలి. అప్పుడే ఆ కర్ర దెబ్బ తట్టుకుంటుంది.

అడవిలో అలాంటి చెట్టు దొరికితే అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని పడవలు కట్టలేరు కాబట్టి, బుల్లియ్య తాతల నాటినుంచీ పాలెం వడ్రంగులు చెట్లని తామే వంచేవారు. తుమ్మ మొక్క మనిషెత్తు అయ్యి, కాండం బొటనవేలంత లావైనప్పుడు కొబ్బరి తాడు వేసి, నేలలో మేకు దిగ్గొట్టి, మెల్లగా లాగి కట్టేవారు. ఏటా తొలకరికి ముందు తాడు వదులు చేసి మళ్ళీ బిగించాలి. ఆరేడేళ్ళకి వంపు కుదురుకున్నాక తాడు తీసెయ్యాలి, లేకపోతే అది బెరడులోకి దిగిపోయి చెట్టుని కోసేస్తుంది. ఇక అక్కడినుంచి చెట్టు వయసు నిండేదాకా ఎదురు చూడ్డమే. పాతికేళ్ళు. అప్పటికి గాని లోపలి కట్టె నల్లగా, రాయిలా గట్టిపడదు. చేవ తేలడమంటే అదే. చేవ తేలని కర్ర తెల్లగా ఉంటుంది, ఉప్పునీళ్ళకి నాని మెత్తబడుతుంది.

తాడు కట్టిన చెట్టుకి ఎర్రగుడ్డ పీలిక చుట్టేవారు. ఆ పీలిక ఉన్న చెట్టుని పాలెంలో ఎవరూ ముట్టుకునేవారు కాదు, పొయ్యిలోకి పుల్ల లేకపోయినా సరే. కట్ట ఎవరిది, కాలవ ఎవరిది అని అడిగినవాడు లేడు. ఒక చెట్టు కొట్టిన రోజునే రెండు మొక్కలు నాటాలని బుల్లియ్య తండ్రి చెప్పేవాడు. తను కొట్టే చెట్టు తన తండ్రి వంచినది, తను వంచేది తన కొడుకు కొట్టడానికి. ఇంత సుబ్బరంగా సాగే ఏర్పాటు ఎలా చెడుతుంది?

చెడింది. తొంభై ఆరులో తుఫాను వచ్చింది. ఒక్క పూటలో పాలెంలో ఉన్న పడవలన్నీ ముక్కలైపోయాయి. మనుషులు ఎంతమంది పోయారో ఆ ఊళ్ళలో ఇప్పటికీ వేళ్ళమీద చెప్తారు, చెప్తూ చెప్తూ ఆగిపోతారు. మిగిలినవాళ్ళకి బతుకు కావాలి, బతుక్కి పడవ కావాలి. అందరికీ ఒకేసారి కావాలి. ఎవరెవరో వచ్చి పడవలు ఇప్పిస్తామన్నారు. వడ్రంగులు గొడ్డళ్ళు పట్టుకున్నారు. ముందు పాతికేళ్ళ చెట్లు కొట్టారు. అవి అయిపోయాక ఇరవై ఏళ్ళవి కొట్టారు. పదిహేనేళ్ళవి, పన్నెండేళ్ళవి. తిరిగి నాటే తీరిక ఎవడికుంది? నాటినా ఎవడు ఆగుతాడు? బుల్లియ్యా కొట్టాడు. అందరికంటే ఎక్కువ పడవలు కట్టింది అతనే. రెండేళ్ళలో కట్ట బోడిగుండైపోయింది.

ఆ తరవాత అతని ఒక్కగానొక్క కూతురు లక్ష్మికి పెళ్ళయింది. అల్లుడు శ్యాంబాబు మంచివాడు, నెమ్మదస్తుడు, వలపని తెలిసినవాడు. ఏ మాటా పైకి అనడు. అల్లుడికి సొంత పడవ కట్టి ఇవ్వాలని బుల్లియ్య ముచ్చటపడ్డాడు. రెండువేల రెండో సంవత్సరం. కట్టమీద వెతికితే మిగిలినవి తుఫాను నాటికి మరీ పిల్లచెట్లని వదిలేసినవే. తొమ్మిదేళ్ళవి. బుల్లియ్య గొడ్డలితో గాటు పెట్టి చూశాడు. లోపల తెల్లగా పాలలా ఉంది, నడిమధ్య మాత్రం వేలెడు నలుపు. చాలదని అతనికి తెలుసు. తెలిసీ కొట్టాడు. గోదారికి ఎర్రనీరు వచ్చే వేళవుతోంది, పులస ఎదురెక్కే నెల తప్పితే మళ్ళీ ఏడాది. ఒక్క సీజన్ ఆడనిద్దాం, తరవాత కర్రలు మార్చేద్దాం అనుకున్నాడు.

ఆగస్టులో, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మధ్యాహ్నం పూట, ఆ పడవ ముక్కు పక్క విచ్చుకుపోయింది. తోడు వెళ్ళిన ఇద్దరూ ఈది ఇసకతిన్నె ఎక్కారు. శ్యాంబాబు వలలో చిక్కుకున్నాడు. రెండో రోజున దొరికాడు.

పడవ కూడా తిన్నెకి కొట్టుకొచ్చింది. బుల్లియ్య ఒక్కడే వెళ్ళి చూశాడు. మూడో వంపు కర్ర మధ్యకి విరిగి ఉంది. తెల్లగా, నానిపోయి, చేత్తో నొక్కితే దిగబడుతోంది. దాన్ని ఊడబీకి ఇంటికి తెచ్చి, చీల్చి ఎండేసి, అందరూ ఏడుపుల్లో ఉండగా పొయ్యిలో పెట్టేశాడు. వరదకి పోయిందన్నారు ఊళ్ళో. అతను అవునన్నాడు. ఆ అవును అన్న మాట గొంతులోంచి తర్వాత ఎప్పుడూ దిగలేదు. భార్య పెద్దింట్లమ్మ జబ్బుపడి పోయేటప్పుడు కూడా చెప్పలేకపోయాడు.

లక్ష్మి ఏడాది నిండని పిల్ల రమ్యశ్రీని ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. అప్పటినుంచీ తండ్రీ కూతుళ్ళు ఒకే చూరు కింద ఉన్నారు. లక్ష్మి తండ్రికి అన్నం పెడుతుంది, జ్వరమొస్తే మాత్రలు తెస్తుంది. అంతే. ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూసి మాట్లాడదు. తండ్రి చెట్లున్న కట్టమీద ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదు. పాయలో పీతలు పట్టడానికి పోవాలంటే ఆ కట్ట దగ్గర దారి. అయినా చుట్టూ తిరిగి చెరువుల మీదుగా పోయేది. అద్దెకి తెచ్చుకున్న చిన్న ఫైబర్ పడవలో పీతలు పట్టి కూతుర్ని నర్సింగ్ చదివించింది, కాకినాడలో ఉద్యోగంలో పెట్టింది. బుల్లియ్య మాత్రం ఒకటే అనుకున్నాడు. దీనికి తెలుసు. నన్ను క్షమించలేదు. ఎలా క్షమిస్తుంది?

శ్యాంబాబు పోయిన మరుసటేడు తొలకరిలో అతను తుమ్మ గింజలు నానేసి కట్టమీద నలభై మొక్కలు వేశాడు. మేకలకి కొన్ని, వరదకి కొన్ని పోగా పద్ధెనిమిది నిలిచాయి. లక్ష్మికి తొమ్మిది మూరల పడవకి సరిపోతాయి. పాతిక నిండాక కొట్టాలి, చేవ తేలిన కర్రతో కట్టాలి. కూతురు చేతికి తెడ్డు ఇచ్చి, అప్పుడు ఆ మాట చెప్పాలి. ఉత్త చేతులతో చెప్పడానికి అతనికి ధైర్యం లేదు. అందుకోసమే ఆ గూని చెట్లు. అందుకోసమే ఆ ముసలాడు బతికున్నాడంటే అబద్ధం కాదు.

ఈలోగా లోకం మారిపోయింది. పాలెంలో పడవలన్నీ ఫైబర్‌వి అయ్యాయి. చుట్టుపక్కల మెరక పొలాల్లో సరుగుడూ సుబాబులూ వేశారు, నాలుగేళ్ళకి నరికి కాగితం గుజ్జుకి పంపడానికి. చెట్టుని పాతికేళ్ళు పెంచే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు, ఉందని చెప్తే పిచ్చివాడంటారు. ఇంటి గుమ్మాలకి కావలసిన కలప కాకినాడ రేవులో ఓడల మీద ఏ దేశంనుంచో దిగుతోంది. బుల్లియ్య ఓసారి రాజమండ్రి కలప అడితికి వెళ్ళి వంపు కర్ర ఉందా అని అడిగితే, అక్కడి కుర్ర గుమాస్తా ఫోన్లోంచి తలెత్తి, "వంకరదెవరు కొంటారండీ, తిన్నగా ఉన్నదే ఇస్తాం" అన్నాడు.

నిరుడు సంక్రాంతి వెళ్ళాక అశోక్ వచ్చాడు. బుల్లియ్య దగ్గర పని నేర్చుకున్నవాడి కొడుకు, యానాంలో ఫైబర్ పడవలకి మరమ్మతులు చేస్తాడు.

"బాబాయ్, కాలవకట్టలు బలపరుస్తారంట. టెండర్లు అయిపోయినయ్యి. మిషన్లు దిగితే కట్టమీద చెట్టన్నది ఉంచరు. నీ తుమ్మలు ఇప్పుడే కొట్టేసుకో. నేను మనుషుల్ని తెత్తాను."

"ఇంకా మూడేళ్ళు కావాల్రా అశోకూ."

"ఇరవై రెండేళ్ళు చాలవా? ఎవరు లెక్కెడతారు బాబాయ్ ఇప్పుడు?"

"నేనెడతానురా" అన్నాడు బుల్లియ్య.

అశోక్ ఎంతో చెప్పి చూశాడు. పోనీ ఒక్కదానికి గాటు పెట్టి లోపల చూడమన్నాడు. బుల్లియ్య వినలేదు. ఒకప్పుడు అలాగే గాటు పెట్టి చూసి, చాలదని తెలిసి కూడా చేతిని ఆపుకోలేకపోయాడు. మళ్ళీ చూస్తే మళ్ళీ తొందరపడతానేమోనని భయం. ఏ తొందర వల్ల ఇల్లు మునిగిందో ఆ తొందరకి ఈసారి లొంగకూడదని పంతం పట్టాడు. పంతానికి కూడా ఓ వేళ ఉంటుందని ఆ పెద్దాయనకి చెప్పేవాళ్ళు లేకపోయారు. చెప్పిన ఒక్కడి మాటా చెవిన పెట్టలేదు. ఇంకో పని కూడా చెయ్యలేదు. ఏ ఆఫీసుకీ వెళ్ళి, ఈ చెట్లు నేను వేసుకున్నవి బాబూ అని ఒక్క కాయితం పెట్టలేదు. ఎర్ర పీలిక చుట్టిన చెట్టు ఎవరిదో అందరికీ తెలుసు కదా అనుకున్నాడు. ఆ పీలికలు చివికి రాలిపోయి పదిహేనేళ్ళయింది. ఆ సంగతి ఎరిగిన ముసలాళ్ళు కూడా దాదాపు పోయారు.

ఈ ఏడు ఏప్రిల్లో కాలవలకి నీళ్ళు కట్టేశాక ప్రసన్నకుమార్ అనే ఆఫీసరు వచ్చి చెట్లకి తెల్లరంగుతో నంబర్లు వేయించాడు. మర్యాదస్తుడే, బుల్లియ్యకి కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు.

"ఇయి నా చెట్లండి బాబూ. నేనే ఏసేను, నేనే వంచేను."

"గట్టు గవర్నమెంటుది కదా తాతగారూ. మీకు పర్మిషన్ ఏమైనా ఇచ్చారా?"

"పర్మిషనెందుకండీ? మా తాతలకాడ్నుంచీ ఇక్కడే వంచుతున్నామండి."

ప్రసన్నకుమార్ ఫైలు తిప్పి చూపించాడు. నూట నాలుగు నుంచి నూట ఇరవై ఒకటి దాకా పద్ధెనిమిది చెట్లు. పక్కన ఒకటే మాట: వంకర మాను, కలపకి పనికిరాదు, వంట చెరకు. ఒక మనిషి ఏళ్ళ తరబడి తాడు సర్ది సర్ది తెప్పించి, ఇరవై మూడేళ్ళు కాచుకున్న వంపు ఆ కాగితంలో చెట్టుకి వచ్చిన రోగంలా కనిపిస్తోంది. ఎవర్ని తిడతాం? ఆ కాగితం తయారుచేసినవాడు పడవ లోపల ఎప్పుడూ చూసి ఉండడు. తిన్నగా ఉంటే కలప, లేకపోతే పొయ్యి. అంతకు మించి గడులు లేవు దాంట్లో.

"ఒక్క రెండేళ్ళు ఆపండి బాబూ. తరవాత నేనే కొట్టేసుకుంటాను."

"నా చేతిలో లేదండి. వానలొచ్చేలోపు కట్ట పూర్తవ్వాలి. తెగిందంటే ఊళ్ళు మునుగుతాయి. వేలం కూడా అయిపోయింది, పాడుకున్నతను ఎల్లుండి దిగుతాడు. ముందే వచ్చి చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి, నిజంగా."

అతను అబద్ధం చెప్పలేదు. అదే మరీ బాధ. ముందే చెప్పి ఉంటే అన్న మాట బుల్లియ్యకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

మిషన్ రంపాలు పొద్దున్న ఏడింటికి మొదలెట్టాయి. పదకొండయ్యేసరికి పద్ధెనిమిదీ నేలమీద ఉన్నాయి. ఇటుక బట్టీకి పోతాయట. వంపుగా ఉంటే లారీలో ఇమడవని ప్రతిదాన్నీ సరిగ్గా వంపు దగ్గరే మూడు ముక్కలు చేశారు. మొదటి కోత పడ్డప్పుడు బుల్లియ్య చెయ్యి దానంతటదే ముందుకి చాచుకుంది, ఆపమన్నట్టు. ఎవరూ చూడలేదు.

అన్నీ పడ్డాక వెళ్ళి ఒక మొద్దు దగ్గర కూలబడి, కోసిన ముఖం మీద అరచెయ్యి పెట్టాడు. నల్లగా, కొంచెం ఎర్రజీర కొట్టి, రాయిలా ఉంది. బెరడు కింద వేలెడు మందం మాత్రమే తెలుపు. రెండో మొద్దు చూశాడు, మూడోది చూశాడు. అన్నీ అంతే. కాలవ నీరు తాగిన చెట్లు కదా, తండ్రి చెప్పిన లెక్కకంటే ముందే చేవ తేలాయి. నిరుడే సిద్ధం. అశోక్ వచ్చి బతిమాలిన రోజుకే సిద్ధం. అప్పుడు ఒక్క గాటు పెట్టి చూసి ఉంటే ఈ పాటికి లక్ష్మి పడవ పాయలో ఉండేది. ఒకసారి ఆగాల్సిన చోట ఆగలేదు. ఈసారి ఆగకూడని చోట ఆగాడు. బుల్లియ్య ఆ మొద్దు మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాసేపటికి పక్కన ఎవరో కూర్చున్నట్టయి తలెత్తాడు. లక్ష్మి. పీతల బుట్ట కట్ట కింద వదిలేసి ఎక్కి వచ్చింది. ఆమె ఆ కట్ట మీదకి రావడం అదే మొదలు.

ఇవ్వడానికి ఇక పడవ లేదు. రాబోయేది కూడా లేదు. మళ్ళీ మొక్కలు వేస్తే తొంభై ఏడేళ్ళ వయసు రావాలి. ఉత్త చేతులతోనే చెప్పాలి.

"లచ్చిమీ, నీకొక మాట చెప్పాలమ్మా."

"చెప్పు నాన్నా."

"ఆ పడవకి నేనేసిన కర్రలు లేతయ్యి. తొమ్మిదేళ్ళ చెట్లు. చేవ లేదు. నాకు తెలుసు. తెలిసే ఏసేను. వరద కాదమ్మా అతన్ని తీసుకెళ్ళింది. నేను."

లక్ష్మి నేలమీద పడ్డ రంపప్పొట్టుని వేలితో ఒకవైపు నెడుతూ కూర్చుంది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ఆయనకీ తెలుసు నాన్నా" అంది చివరికి.

బుల్లియ్యకి అర్థం కాలేదు.

"పడవ తెచ్చిన రోజే లోపలకి దిగి గోరుతో గీరి చూసేడు. 'కర్ర తెల్లగా ఉందే లచ్చీ, మావయ్యకి చెప్పి మార్పించుకుందాం, ఈ యేడు పులస పోతే పోయింది' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న కట్టిన పడవకి పేరు పెడతావా, మా నాన్నకంటే నీకెక్కువ తెలుసా అని ఎన్ని మాటలన్నానో. మూడు రోజులు మాట్లాడలేదు, అన్నం గిన్నె ఎదురుగా పడేసి ఎల్లిపోయేదాన్ని. నాలుగో రోజున ఇంక ఏమీ అనకుండా వల ఏసుకుని ఎల్లిపోయాడు." పొట్టు నెడుతున్న ఆమె వేలు ఆగిపోయింది. "నీకు చెప్తే నువ్వు బతకవని చెప్పలేదు. నువ్వు ఈ చెట్లకి తాళ్ళు కడతంటే చూసే మొహం లేక ఇటు రాలేదు. అంతేగానీ నీ మీద కోపం కాదు నాన్నా."

ఇన్నేళ్ళూ కూతురు తనని చూడలేక తల తిప్పుకుంటోందనుకున్నాడు బుల్లియ్య. ఆమె తనని తాను చూసుకోలేక తిప్పుకుందని అతనికి తట్టనే లేదు. ఒకే ఇంట్లో, ఒకే కుంపటి దగ్గర, ఒకే మాటని చెరోవైపు పట్టుకుని ఇద్దరూ ముసలివాళ్ళైపోయారు.

"నువ్వు నన్ను నమ్మకుండా ఉండాల్సింది తల్లీ" అన్నాడు.

లక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. లారీ వెనక్కి జరిగి వాళ్ళ దగ్గరకొచ్చి ఆగింది. కూలీ ఒకడు దిగి, వాళ్ళ వాలకం చూసి కాస్త తటపటాయించి, "తాతా, ఆ మొద్దు కూడా ఎక్కించాలండి, కొంచెం లేవాలి" అన్నాడు. లక్ష్మి లేచి తండ్రి చంక కింద చెయ్యి వేసి లేవదీసింది. ఇద్దరూ పక్కకి జరిగి, వాళ్ళు ఎక్కించుకోవడానికి దారి ఇచ్చారు.